పట్టికలో లేని చెంచా

భిక్షపతికి ఏడో తరగతి లెక్కల్లో పదకొండు మార్కులొచ్చాయి. నూటికి. ఆ సంగతి దాచుకునే అలవాటు అతనికి లేదు. దుకాణానికొచ్చిన గిరాకీలకు అడగకపోయినా చెబుతాడు. రెండోసారి రాస్తే తొమ్మిదొచ్చాయట. మూడోసారి ఎన్నొస్తాయోనని భయపడి లెక్కల శివయ్య సారే వాళ్ళ నాన్నను పిలిపించి, వీడికి ఏదైనా చేతిపని నేర్పించండి స్వామీ అని దండం పెట్టాడట. జీవితంలో తనకు దండం పెట్టిన ఒకే ఒక్క సారు ఆయనేనని భిక్షపతి గొప్పగా చెప్పుకుంటాడు.

అట్లా పద్నాలుగేళ్ళ వయసులో ఉప్పుగూడ నుంచి నడుచుకుంటూ వచ్చి, చార్మినార్ వెనక సందులో దుపట్టాలకు రంగులు వేసే దస్తగీర్ మియా దగ్గర చేరాడు. రెండేళ్ళు నీళ్ళు మోశాడు. నాలుగేళ్ళు తడి దుపట్టా కొస పట్టుకుని, అది ఆరేదాకా గాలిలో ఊపుతూ నిలబడ్డాడు. ఏడో ఏట ఉస్తాద్ అతని చేతికి రంగు కొలిచే చెంచా ఇచ్చాడు. ఉస్తాద్ పోయి ఇప్పటికి పందొమ్మిదేళ్ళు. ఆయన కొడుకులు వేరే వ్యాపారాల్లోకి వెళ్ళిపోతే దుకాణం భిక్షపతికి మిగిలింది. దుకాణమంటే ఆరడుగుల వెడల్పు గది. లోపలి మూల గ్యాసు పొయ్యి, దాని మీద పెద్ద దేగ్చా, గోడ నిండా అఫ్జల్‌గంజ్ నుంచి తెచ్చిన రంగుల డబ్బాలు, బయట గిరాకీలు కూర్చోవడానికి ఒక స్టూలు.

పని మాట ఎత్తితే మాత్రం ఈ పదకొండు మార్కుల మనిషి మాయమైపోతాడు. గొంతు మారుతుంది, వీపు నిటారుగా అవుతుంది. "రంగు కాయితం మీద ఉండదమ్మా, చేతిల ఉంటది" అంటాడు. కుర్తా ముక్క ఒకటి తెచ్చి, దీనికి మ్యాచింగ్ దుపట్టా కావాలంటే చాలు, ముక్కను వేళ్ళతో ఒకసారి నలిపి చూసి పని మొదలుపెడతాడు. ఆ నలపడం ఎందుకో అతనికీ తెలియదు. ఉస్తాద్ నలిపేవాడు కాబట్టి తనూ నలుపుతాడు. గిరాకీలకు అది నచ్చుతుంది.

ఆ చెయ్యి పోయిన ఏడాది పరువు తీసింది. బార్కస్ నుంచి వహీదా అనే పాత గిరాకీ వచ్చింది. ఉల్లిపొర రంగు, అదే ప్యాజీ కావాలంది. పని పూర్తయ్యాక ఆమె దుపట్టాను ఎండలోకి తీసుకెళ్ళి చూసి, అట్లాగే వెనక్కి తెచ్చి గల్లా మీద పెట్టింది.

"భిక్షపతి భాయ్, యే క్యా హై? నేను ప్యాజీ అడిగిన. నువ్వు గాజర్ ఇచ్చినవ్."

క్యారట్ రంగు తేలిందని ఒప్పుకోకుండా భిక్షపతి ముందు లోపలి బల్బును తిట్టాడు. తర్వాత ఎండను తప్పుపట్టాడు. ఎండకాలం వెలుతురు వేరే ఉంటదమ్మా అన్నాడు. అదీ చెల్లకపోయేసరికి, అసలు నీ కుర్తానే ఉతికి ఉతికి రంగు మారిందన్నాడు. కుర్తా అప్పుడే కుట్టించింది, ఇంకా దారాలు కూడా కత్తిరించలేదు. ఈ ముక్క చెప్పేటప్పుడు భిక్షపతి ఇప్పటికీ తల గోక్కుంటాడు. వహీదా మంచిమనిషి కాబట్టి నవ్వి, మళ్ళీ వేయమని ఇచ్చి వెళ్ళింది. ఆ నెలలో అట్లా తిరిగొచ్చిన దుపట్టాలు ఆరు.

అతని భార్య సక్కుబాయి చెయ్యి పట్టుకుని సర్కారు కంటి దవాఖానకు తీసుకెళ్ళింది. రెండు కళ్ళలోనూ మోతిబిందు, అంటే శుక్లం, ఉందని డాక్టరమ్మ చెప్పింది. ముందు ఒక కంటికి, కొన్నాళ్ళకు రెండోదానికి ఆపరేషన్ చేయాలి. భయం లేదు, చూపు బాగా వస్తుంది. కానీ రెండు నెలలు పొయ్యి దగ్గరికి పోకూడదు, ఆవిరి తగలకూడదు, రంగు పొడి కంట్లో పడకూడదు. ఆపకుండా ఇట్లాగే నెట్టుకొస్తే చూపు ఇంకా తగ్గుతుంది.

రెండు నెలలు. అదీ పెళ్ళిళ్ళ రోజుల్లో. ఆ సందులోనే రంగు దుకాణాలు ఇంకా నాలుగున్నాయి. షట్టర్ రెండు నెలలు దించితే గిరాకీ రెండడుగులు పక్కకు వేసి అక్కడే స్థిరపడుతుంది. ఉస్తాద్ చేతి నుంచి వచ్చిన దుకాణం తన చేతిలో మూతపడుతుందన్న మాట తలచుకుని భిక్షపతి మర్నాడు గంట ముందే షట్టర్ ఎత్తాడు.

"చేతిల ఉంటది, చేతిల ఉంటది అంటవ్ గద" అంది సక్కుబాయి. "కండ్లు మసకైనంక ఏ చేతిల ఉంటది రంగు?"

దానికి జవాబు వాళ్ళ బిడ్డ అమల దగ్గర ఉంది. అమల డిగ్రీ రెండో ఏడాది. సాయంత్రాలు ఇంటి ముందు గదిలో ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు లెక్కల ట్యూషన్ చెబుతుంది. ఆ బుర్ర ఎవరి దగ్గర్నుంచి వచ్చిందన్న విషయంలో ఇంట్లో ఎప్పుడూ వాదన జరగలేదు.

"రెండు నెలలు దుకాణం నేను సూస్త బాపు" అంది అమల. "ఒక్క దుపట్టకు ఎన్ని చెంచాలు, రెండిటికి ఎన్ని, ఐదింటికి ఎన్ని, గది చెప్పు. పట్టిక రాసుకుంట. పట్టిక ఉంటె సమీకరణం వస్తది. సమీకరణం ఉంటె నువ్వు లేకున్న రంగు వస్తది."

నువ్వు లేకున్నా అన్న మాట భిక్షపతికి ఎక్కడో గుచ్చుకుంది. అయినా ఒప్పుకున్నాడు. ముందు ప్యాజీతో మొదలుపెట్టారు, ఎక్కువ గిరాకీ దానికే కాబట్టి. అమల గల్లా దగ్గర నోట్‌బుక్కు పట్టుకుని కూర్చుంది. భిక్షపతి లోపల పొయ్యి వెలిగించి, దేగ్చాలో నీళ్ళు పెట్టి, అవి మసిలాక "ఇగ రాస్కో!" అని ఆటో హారన్లకు పైనుంచి అరిచేవాడు. తర్వాత పొడిని చెంచాతో తీసి, దేగ్చా అంచుకు టక్కుమని తట్టి వేసేవాడు. ఒక దుపట్టాకు మూడు. రెండిటికి ఆరు. ఐదింటికి పదిహేను.

అమల చెంచాలను దుపట్టాలతో భాగించింది. మూడు, మూడు, మూడు. మొహం వెలిగిపోయింది.

"సూడు బాపు, ఎన్ని దుపట్టలైనా భాగిస్తె మూడే వస్తది. దీన్నే అనుపాత స్థిరాంకం అంటరు. ఎక్స్ అంటే దుపట్టలు, వై అంటే చెంచాలు. వై ఈక్వల్స్ త్రీ ఎక్స్. గంతే."

"దుపట్టకు దుపట్ట అని సక్కటి పేరుంది గదనే. ఎక్స్ అని ఎందుకు పిలవాలె?"

"సరే. ద అంటే దుపట్టలు, చ అంటే చెంచాలు. చ ఈక్వల్స్ మూడు ద. ఇప్పుడు సమజైందా?"

ముప్ఫై తొమ్మిదేళ్ళ పనితనం మూడు అక్షరాల్లో పట్టేసరికి భిక్షపతికి మస్తు అవమానంగా అనిపించింది. కనీసం ఒక పేజీ అయినా అవుతుందనుకున్నాడు. పోనీలే అని ఆపరేషన్ తేదీ రాయించుకున్నాడు, ఇరవై రోజుల తర్వాతకు.

అసలు లొల్లి అప్పుడు మొదలైంది. అమల తన చేత్తో పొయ్యి వెలిగించి, నీళ్ళు మసిలించి, ఒక దుపట్టాకు కొలిచి మూడు చెంచాలు వేసింది. రంగు వెలవెలబోయింది. వహీదా మరదలి కోసం తెచ్చిన కుర్తా పక్కన పెడితే, జ్వరం పడి లేచినట్టుంది. భిక్షపతి ముందుకొచ్చి, గొంతు సవరించుకుని, దేగ్చాలో ఒకే ఒక్క చెంచా వేసి కలిపాడు. కొస పిండి పొయ్యి సెగకు ఆరబెట్టి చూపించాడు. వహీదా ఎండలోకి పట్టుకెళ్ళి చూసి, బరాబర్ అంది.

"అగో! గదీ చెయ్యంటే" అన్నాడు భిక్షపతి, సందులో అందరికీ వినపడేటట్టు.

మర్నాడు రెండు దుపట్టాలు. అమల ఆరు చెంచాలు వేసింది. కొంచెం తక్కువ పడింది. భిక్షపతి మళ్ళీ ఒక చెంచా వేశాడు, సరిపోయింది. అమల అనుమానం తనమీదే పెట్టుకుంది. చెంచా తలకొట్టి వేయడం రావడంలేదేమోనని స్కేలుతో పొడిని చదును చేసి మరీ వేసింది. అయినా ఒక్క దుపట్టాకు వెలవెలే. విచిత్రమేమిటంటే పది దుపట్టాల పని వచ్చినప్పుడు ముప్ఫై చెంచాలు వేస్తే ఎవరూ తేడా కనిపెట్టలేదు. అది నసీబ్ అన్నాడు భిక్షపతి.

ఇక్కడికొచ్చేసరికి అతను కథ కాస్త గొంతు తగ్గించి చెబుతాడు. ఎందుకంటే ఆ రోజుల్లో అతను సంతోషంగా ఉన్నాడు. సొంత బిడ్డ దేగ్చా ముందు నిలబడి కళ్ళలో నీళ్ళు తిప్పుకుంటుంటే, పైకి అయ్యో అంటూ లోపల ఉబ్బిపోయాడు. తను లేకపోతే రంగు రాదు. సమీకరణం రాదు, పట్టిక రాదు. పక్క దుకాణం నర్సింహను ఊరికే పిలిచి చాయ్ తాగించాడు. ఆ ఊపులో కంటి దవాఖానకు వెళ్ళి, ఇంట్లో వీలు కాదమ్మా అని చెప్పి తేదీ వాయిదా వేయించుకొచ్చాడు. వచ్చేటప్పుడు దవాఖాన మెట్టు కనపడక తూలి, సెక్యూరిటీ మనిషి పట్టుకుంటే, మెట్టే సరిగ్గా కట్టలేదని అతనితో తగువు పెట్టుకున్నాడు.

సక్కుబాయికి ఈ సంగతి తెలిసి రెండు రోజులు మాట్లాడలేదు. అమల మాత్రం తిట్టలేదు, ఏడవలేదు. ఆ సాయంత్రం ట్యూషన్ పిల్లలకు పట్టిక నుంచి సమీకరణం రాయడం చెబుతూ, రెండు గడులు చూసి తొందరపడొద్దు, అన్ని గడులూ భాగించి చూడాలి అంటూ మధ్యలో ఆగిపోయింది. తను రాసుకున్నది బాపు చెప్పిన పట్టిక. బాపు చేసిన పట్టిక కాదు.

మర్నాడు ప్యాజీ పొడి ఒక ఖాళీ డబ్బాలో సరిగ్గా యాభై చెంచాలు పోసి, అదే వాడమని బాపుకు ఇచ్చింది. అతను ఎప్పటిలాగే ఒక దుపట్టా రంగు వేశాక, మిగిలిన పొడిని చెంచాతో కొలిచింది. నలభై ఆరు. మళ్ళీ యాభై నింపి, రెండు దుపట్టాల పని అయ్యాక కొలిస్తే నలభై మూడు. ఐదింటికి ముప్ఫై నాలుగు. పదింటికి పందొమ్మిది. వారం రోజులు పట్టింది. రాసుకున్న కాగితాన్ని తెచ్చి అతని ముందు పెట్టి, కనపడదని తనే చదివింది.

"ఒకటికి నాలుగు. రెండిటికి ఏడు. ఐదింటికి పదహారు. పదింటికి ముప్ఫై ఒకటి. భాగించి సూడు బాపు."

భిక్షపతి వేళ్ళ మీద భాగించాడు. నాలుగు. తర్వాత మూడున్నర. ఆ తర్వాతవి అతని పదకొండు మార్కులకు అందలేదు.

"ఎట్ల భాగించినా ఒక్క తీరు రాదు. ఇది అనుపాతమే కాదు" అంది అమల. "నువ్వు చెప్పిన దానికంటె ప్రతిసారి ఒక్క చెంచా ఎక్కువ ఖర్చయితది. ఒక్క దుపట్టకూ ఒక్కటే, పదింటికీ ఒక్కటే. నేను చెడగొట్టినప్పుడు నువ్వొచ్చి ఏసింది కూడ ఒక్కటే. ఆ ఒక్కటి ఏంది బాపు?"

"ఏందే? నా దుకాణంల నేనే దొంగతనం చేస్తున్ననా?" అని భిక్షపతి అంతెత్తున లేచాడు. మూడంటే మూడే వేస్తానన్నాడు. ఉస్తాద్ మీద ఒట్టు అన్నాడు. అమల వాదించలేదు. నోట్‌బుక్కు మూసి, గల్లా దగ్గర కాకుండా ఈసారి లోపల పొయ్యి పక్కనే పీట వేసుకుని కూర్చుంది. వేసి చూపించు అంది.

భిక్షపతి కోపంగానే పొయ్యి వెలిగించాడు. దేగ్చాలో నీళ్ళు పోశాడు. పెదాలు కదిలాయి, చెయ్యి డబ్బాలోకి వెళ్ళింది, చల్లటి నీళ్ళలో ఒక చెంచా పొడి పడింది. తర్వాత చేతులు కట్టుకుని, నీళ్ళు మసిలేదాకా నిలబడి, "ఇగ రాస్కో" అన్నాడు.

"ఇప్పుడేసింది ఏంది?" అంది అమల.

"ఏది?"

"నీళ్ళు పోస్తనే ఒక చెంచ ఏసినవ్ గద."

"ఏసిన్నా?"

అతను నిజంగానే అడిగాడు. దేగ్చాలోకి వంగి చూశాడు. నీళ్ళు లేత గులాబీగా ఉన్నాయి. అంత మసకలోనూ అది కనపడింది. చెంచాతో ఆ నీళ్ళను ఒకసారి కలిపి చూశాడు.

"గది రంగు కాదు బిడ్డ" అన్నాడు చివరికి. "గది ఉస్తాద్ చెంచ. మొదటి చెంచ ఉస్తాద్ పేరు మీద ఎయ్యాలె. దస్తగీర్ మియా గూడ వాళ్ళ ఉస్తాద్ పేరు మీద ఏసేటోడు. సలాం పెట్టినట్టు. సలాంను లెక్కల రాస్తరా ఎవరన్న?"

అమల నవ్వలేదు. నోట్‌బుక్కు తెరిచి, చ = 3ద అని రాసినదాని పక్కన + 1 అని చేర్చింది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. దేగ్చా అదే, నీళ్ళు అన్నే. ఒక్క దుపట్టా వేసినా, పది వేసినా, అంత నీళ్ళు తమలో కొంత రంగు ఉంచుకుంటాయి. ఆ ఒక్క చెంచా నీళ్ళ వాటా. ఒక్క దుపట్టాకు నాలుగులో ఒకటి పోతే వెలవెలబోతుంది, ముప్ఫై ఒకటిలో ఒకటి పోతే ఎవరికీ తెలియదు. మొదట నేర్పినవాళ్ళకు ఈ సంగతి తెలిసే ఉంటుంది. శిష్యులు మరిచిపోకుండా ఉండాలని సలాం పేరు పెట్టారేమో.

భిక్షపతికి సిగ్గేసింది. ముప్ఫై ఏళ్ళకు పైగా రంగు చేతిలో ఉందని ఊరంతా చాటుకున్నాడు. ఆ చెయ్యి ఏం చేస్తుందో దాని యజమానికే తెలియదు. గిరాకీల ముందు బిడ్డను ఓడించి గెలిచిన ఆ చెంచా, తను చెప్పడం మరిచిపోయిన చెంచానే. అంతకంటే సిగ్గు, ఆమె ఓడిపోతుంటే తను నర్సింహకు చాయ్ తాగించడం. అదే మాట పైకి అనేశాడు.

"నీకు రంగు రాకపోతె నేను ఖుష్ అయిన బిడ్డ. నేనే కావాలె అందరికి అని. గిసొంటి తండ్రిని సూసినవా యాడన్న?"

"నాకెర్కే బాపు" అంది అమల. "నర్సింహ బాబాయ్ అప్పుడే చెప్పిండు. ఇగ దవాఖానకు ఎప్పుడు పోతవ్?"

ఆ వారమే మళ్ళీ తేదీ రాయించుకున్నాడు. ఆపరేషన్ చీమ కుట్టినంత కూడా లేదని అందరితో చెప్పాడు. నిజానికి బల్ల మీద పడుకున్నప్పుడు భయంతో డాక్టరమ్మకు తన లెక్కల మార్కులు కూడా చెప్పేశాడు.

ఇంట్లో తొమ్మిది రోజులకు మించి కూర్చోలేకపోయాడు. పదో రోజు నల్లద్దాలు పెట్టుకుని, సక్కుబాయిని వెంటబెట్టుకుని సందులోకి వచ్చాడు. అమల లోపలికి రానివ్వలేదు. బయట స్టూలు మీద, పొయ్యికి వీపు పెట్టి కూర్చోవాలి, తిరిగి చూడకూడదు అంది. సొంత దుకాణం ముందు గిరాకీలా కూర్చున్నాడు. అవతల వహీదా కూడా వచ్చి ఉంది. పెళ్ళివారికి పది ప్యాజీ దుపట్టాలు, ఆ రోజే కావాలి. భిక్షపతి మోకాళ్ళు ఊపుకుంటూ చెవులు రిక్కించాడు. దేగ్చాలో నీళ్ళు పోసిన చప్పుడు. ఆ వెంటనే అంచు మీద రెండు చిన్న తట్టులు. నీళ్ళు మసిలాక, గట్టిగా, ఒకే లయలో, టక్, టక్ అంటూ ముప్ఫై. ఒక్కటి కూడా తప్పకుండా లెక్కపెట్టాడు. శివయ్య సారు చూస్తే సంతోషించేవాడు.

ఆరిన దుపట్టాను వహీదా ఎండలోకి తీసుకెళ్ళింది. భిక్షపతి తల తిప్పకుండా కూర్చున్నాడు. చూసినా ఆ నల్లద్దాల్లోంచి ఏ రంగైనా ఒకటే. ఇట్లా గిరాకీ మాట కోసం ఎదురుచూడటం ఈ మధ్య అలవాటైంది గానీ, ఇంత భారంగా ఎప్పుడూ లేదు. పోతే ఈసారి పరువు ఒక్కటే కాదు, దుకాణం పోతుంది.

"బరాబర్" అంది వహీదా. ఒకటొకటిగా పదీ తను తెచ్చిన కుర్తా పక్కన పెట్టి చూసి, అన్నిటికీ అదే మాట చెప్పింది. "ఎవరేసిండ్రు భాయ్ రంగు?"

"నా బిడ్డ" అన్నాడు భిక్షపతి. ఆ మాట గొంతులోంచి అంత సులువుగా వస్తుందనుకోలేదు.

ఆమె దుపట్టాలు తీసుకుని వెళ్ళాక, వీపు అటే ఉంచి అడిగాడు.

"అమలా, నీళ్ళు పోస్తనే రెండు సార్లు తట్టినవ్. ఎందుకే? ముప్ఫై రెండైతె రంగు ఎక్కువైతది గద."

"ఎక్కువ కాదు బాపు. ఒక్క చెంచనే రెండు సగాలు చేసి ఏసిన. సగం నీ ఉస్తాద్ పేరు మీద. సగం నా ఉస్తాద్ పేరు మీద."

భిక్షపతికి అర్థం కావడానికి కొంచెంసేపు పట్టింది. అర్థమయ్యాక కోపం వచ్చింది, లేకపోతే కోపం లాంటిదేదో వచ్చింది.

"నేనింక సావలేదు గదనే!"

"సచ్చినంక ఏస్తె నీకెట్ల ఎర్కైతది బాపు?"

సక్కుబాయి చేతిసంచిలో దవాఖాన దూది ఉంది. కంట్లో చుక్క తడి కూడా తగలనివ్వొద్దని డాక్టరమ్మ మరీ మరీ చెప్పింది. నల్లద్దాలు తీయకుండానే భిక్షపతి ఆమె వైపు చెయ్యి చాపి, దూది ఇటియ్యమన్నాడు.